మసానం గట్టు మీద తురాయి చెట్లు

మా గుమ్మం ముందు ఒక బండ ఉంది. మా అయ్య కొడవలి నూరుకున్న బండ. ఇప్పుడు దాని మీద మా అమ్మ గింజలు నూరుతుంది. తురాయి గింజలు, రేల గింజలు. ఫిబ్రవరి వచ్చిందంటే మా పేట గుంటలు రోడ్ల పక్కన రాలిన తురాయి కాయలు ఏరి తెచ్చి మా వాకిట్లో పోస్తారు. ముందు ఆ కాయలతో కత్తియుద్ధం చేసుకుంటారు. విరిగినవి మాకు ఇస్తారు. మాకు కావలసింది విరిగినవే.

పోయిన భాగంలో కోతల కూలి గురించి రాశాను. అది చదివి యూనివర్సిటీలో చదువుతున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. మాటలన్నీ అయ్యాక, "అన్నా, నీ స్టేటస్‌లో ఎప్పుడు చూసినా పూల మొక్కలే. ఉద్యమం మానేసి నర్సరీ పెట్టావేంటి?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నర్సరీ పెట్టలేదు తమ్ముడూ. ఆ మొక్కల వెనక మా మామ్మని పాతిపెట్టిన చోటు ఉంది. ఫోన్లో చెప్పేది కాదని ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు పొందూరు చుట్టుపక్కలదే. పేరు రాయను. గొడవ పూర్తిగా తేలలేదు, రేపు పొద్దున్న పాల దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

పొందూరు అంటే మీకందరికీ ఖద్దరు తెలుసు. గాంధీ మెచ్చిన ఖద్దరు అని ప్రతి వ్యాసంలోనూ రాస్తారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారని రాస్తారు. ఆ రెండూ నిజమే. ఆ నూలు వడికిన ఆడవాళ్ళకి రోజంతా కూర్చుంటే ఎంత వచ్చేదో రాసేవాళ్ళు తక్కువ. మా అమ్మ పెళ్ళికి ముందు కొన్నాళ్ళు వడికింది, తర్వాత మానేసి పొలం పనికి పోయింది. ఎందుకు మానేశావంటే, "కూకుంటే నడుం పోతాది, వంగుంటే నడుం పోతాది. వంగున్న పనికి రెండు రూపాయలెక్కువ" అంటుంది. కానీ ఆ పనిలో నేర్చుకున్న ఒక సంగతి ముప్ఫై ఏళ్ళ తర్వాత మాకు అక్కరకొచ్చింది. అది కాసేపాగి చెప్తాను.

చెట్లు నాటడం మీద నాకు చిన్నప్పటి నుంచీ ఒక మంట ఉండేది. ఆరో తరగతిలో ఉన్నప్పుడు, జన్మభూమి రోజులవి, బడిలో మొక్కలు నాటే కార్యక్రమం పెట్టారు. ముందురోజు మా పేట పిల్లల్ని పదకొండు మందిని విడిగా పిలిచారు. గునపాలు ఇచ్చి గుంతలు తవ్వమన్నారు. వేసవి నేల, గునపం దిగితే ఒట్టు. అరచేతులు బొబ్బలెక్కాయి. మర్నాడు జీపులో పెద్దలొచ్చారు. ఇస్త్రీ బట్టలేసుకున్న పిల్లల చేతుల్లో మొక్కలు పెట్టారు, ఫోటో తీశారు. మమ్మల్ని బిందెలతో నూతి దగ్గర నిలబెట్టారు. ఫోటోలో మేము లేము. మేము తవ్విన గుంతలు ఉన్నాయి. నెల తిరక్కుండా మొక్కలు ఎండిపోయాయి. నీళ్ళు పోయలేదని దెబ్బలు తిన్నది మళ్ళీ మేమే. అప్పటి నుంచి ఎవరైనా 'పచ్చదనం' అంటే నాకు ముందు అరచేతులు మండేవి.

ఇక అసలు విషయం. 2019 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి మా అయ్య పోయాడు. పోయే ముందు ఒకటే అడిగాడు, వాళ్ళమ్మ పక్కన పెట్టమని. మా మామ్మ 2003లో పోయింది. మా పేటకి విడిగా శ్మశానం ఉంది. ఊరి శ్మశానం వేరు, మాది వేరు, ఇది మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. గెడ్డ ఒడ్డున, కాగితాల మీద శ్మశానం పోరంబోకు అని రాసి ఉన్న భూమి. మామ్మని పెట్టిన చోటు మా అందరికీ గుర్తే. చింత మోడు నుంచి తూర్పుకి పన్నెండు అడుగులు, తల దగ్గర ఒక నల్లరాయి.

వెళ్ళి అడుగులు కొలిచాం. పన్నెండో అడుగు దగ్గర శ్మశానం లేదు. మినప చేను ఉంది. వరి కోశాక వేసిన మినుము, అప్పుడప్పుడే కాయ పడుతోంది. రాయి లేదు. గట్టు ఏడాదికో చాలు చొప్పున ఇటు జరుగుతూ వచ్చింది. పదహారేళ్ళలో గట్టు మా మామ్మ మీదుగా దాటి వెళ్ళిపోయింది. మినప చేలో నిలబడి మా చిన్నాన్న "ఇక్కడే కాదేటి?" అని కాళ్ళ కింద చూసుకున్నాడు. తర్వాత గబుక్కున గట్టు ఎక్కేశాడు. తల్లి మీద కాలేశానన్న భయమో, చేను తొక్కుతున్నానన్న భయమో నాకు ఇప్పటికీ తెలీదు. అయ్యని ఇవతల పెట్టి వచ్చేశాం.

ఆ రాత్రి గొడవ పెడదామని కుర్రాళ్ళం అన్నాం. పెద్దవాళ్ళు ఒక్క మాట అన్నారు: "లక్ష్మీపేట మర్సిపోనారేటి?" 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపారు. మడ్డువలస రిజర్వాయరు కోసం సర్కారు తీసుకుని, ముంపులో పోకుండా మిగిలిన భూమిని సాగు చేసుకున్నందుకు. నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. ఆ పాకల మధ్య నిలబడ్డప్పుడు వినపడ్డ ఏడుపు ఇంకా నా చెవిలో ఉంది. అందుకే పెద్దవాళ్ళకి జవాబు చెప్పలేకపోయాను. సర్వే చేయించమని అర్జీ పెట్టాం. ఏ ఆఫీసో, ఎన్ని వాయిదాలో రాయను. తిరిగినవాళ్ళకి తెలుసు.

ఈలోగా గట్టు ఇంకా జరక్కుండా ఏదో ఒకటి చెయ్యాలి. కంచె వేద్దామంటే సిమెంటు స్తంభాలకి డబ్బుల్లేవు. అప్పుడే చెట్ల మాట వచ్చింది. ఎవరు అన్నారో కూడా గుర్తు లేదు. హద్దు వెంబడి చెట్లు నాటితే నాగలి ఇటు రాదు. నర్సరీకి వెళ్ళి అడిగాను. కడియం నుంచి లారీల్లో వచ్చిన మొక్కలు, ఒక్కొక్కటి ఎనభై రూపాయలన్నాడు. మాకు కావలసినవి రెండు వందల మొక్కలు. వాయిదా పడ్డ మా కూలి డబ్బులన్నీ వసూలైనా సరిపోదు.

ఖమ్మం దగ్గర రెడ్డిపల్లిలో వనజీవి రామయ్య గారు ఉండేవారు, అసలు పేరు దరిపల్లి రామయ్య. సైకిల్ మీద గింజల సంచులేసుకుని తిరిగి జీవితమంతా మొక్కలు నాటాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2025 ఏప్రిల్‌లో పోయారు. ఆయన ఫోటో ఒకటి పాత పేపర్లో చూశాను. మెడలో బోర్డు, చేతిలో గింజలు. ఈయనేమీ నర్సరీలో కొనలేదు కదా అనిపించింది. మర్నాడే రైల్వే స్టేషన్ దారిలో సంచెడు తురాయి కాయలు ఏరుకొచ్చాను.

తురాయి అంటే మీకు తెలుసు. మే నెలలో ఆకు కనపడకుండా ఎర్రగా పూసేది. పరీక్షల రిజల్టు వచ్చే రోజుల్లో కాలేజీల్లో పూస్తుంది కాబట్టి ఆ ఎరుపు చూస్తే కొందరికి కడుపులో తిప్పుతుంది. మేము చిన్నప్పుడు కోడిపుంజుల చెట్టు అనేవాళ్ళం. దాని పువ్వులో కేసరాల తలలు ఒకదానికొకటి తగిలించి లాగితే, ఎవరిది తెగితే వాళ్ళ పుంజు ఓడినట్టు. కాయ మూర పొడవుండి చెక్కలా ఎండుతుంది. లోపల ఒక్కో గింజకి ఒక్కో గది. గింజ ఖర్జూరం పిక్కలా పొడుగ్గా, చారలతో నున్నగా ఉంటుంది. ఆ నునుపే మన కొంప ముంచుతుంది.

నూట ఇరవై గింజలు పాల ప్యాకెట్లలో మట్టి నింపి పెట్టాను. రోజూ రెండు పూటలా నీళ్ళు. నెల రోజుల్లో మొలిచినవి నాలుగు. మిగిలినవి తవ్వి చూస్తే పెట్టినవి పెట్టినట్టు ఉన్నాయి. కుళ్ళలేదు, ఉబ్బలేదు, రంగు కూడా మారలేదు. గింజలు మంచివి కావని పారెయ్యబోయాను.

మా అమ్మ ఒక గింజ తీసుకుని పంటి కింద పెట్టి చూసింది. "ఓరి బాబూ, రాయిని పాతిపెట్టి మొలవలేదంటే మొలుస్తాదేటిరా? దీనికి నోరు ఇప్పాల."

"నోరేంటమ్మా?"

"మేకల సాలలో తుమ్మ మొక్కలు సూడలేదేటి? మేక మింగి ఏసిన గింజ బేగి మొలిసీత్తాది. దాని కడుపులో నలిగినాది కాబట్టి. మనకి మేక లేదు. బండుంది."

అలా మొదలైంది ఆ బండ మీద నూరడం. డిగ్రీలో బోటనీ చదివినవాణ్ణి నేను. గింజ పెంకు నీటిని లోపలికి రానివ్వకపోతే దాన్ని గీరాలి అని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇంట్లో పాల ప్యాకెట్ ముందు కూర్చున్నప్పుడు అది గుర్తు రాలేదు. మా అమ్మ అక్షరం చదవలేదు, మేకల్ని చూసింది.

ఇది చెయ్యాలనుకునేవాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. గింజకి ఒక చివర చిన్న చుక్కలాంటి కన్ను ఉంటుంది. అది కాయకి అంటుకుని ఉన్న చోటు. మొలక వచ్చేది అటు నుంచే, కాబట్టి అటు ముట్టుకోకూడదు. రెండో చివరని గరుకు బండ మీద నాలుగైదు సార్లు రుద్దాలి. గోధుమరంగు పెంకు కింద తెల్లటి పొర కనిపించగానే ఆపెయ్యాలి. ఇంకా రుద్దితే పప్పు పోతుంది. రాత్రంతా నీళ్ళలో వేస్తే తెల్లారేసరికి నీరు తాగిన గింజ రెండింతలు ఉబ్బుతుంది. ఉబ్బనిదాన్ని తీసి మళ్ళీ రుద్దాలి. గింజలు ఎక్కువుంటే ఇంకో దారి ఉంది. నీళ్ళు కళపెళా కాచి, పొయ్యి మీద నుంచి దించేసి, అందులో గింజలు వేసి పొద్దుటిదాకా వదిలెయ్యాలి. పొయ్యి మీద ఉండగా వేస్తే ఉడికిపోతాయి. ఒకసారి మా తమ్ముడు అలా ఉడకబెట్టేశాడు కూడా. ఉబ్బిన గింజని దాని మందం లోతున పెడితే చాలు, వారం పది రోజుల్లో మొలుస్తుంది. నూరిన తర్వాత నేను పెట్టిన వందలో ఎనభై పైన మొలిచాయి.

రేల మాత్రం ఇంకా మొండిది. పసుపు గుత్తులు వేలాడే చెట్టు, కేరళలో విషు పండగకి కొన్న పూలంటారే, అదే. మన అడవుల్లో పుట్టిందే. దాని కాయ నల్లటి గొట్టంలా ఉంటుంది, పగలగొడితే లోపల బిళ్ళలు బిళ్ళలుగా అరలు, అర అరకీ జిగురు, ఆ జిగురులో ఒక్కో గింజ. ఆ వాసన రెండు రోజులు చేతులకి వదలదు. కడిగి ఆరబెట్టి ఎంత రుద్దినా కొన్ని నెలకి, కొన్ని మూడు నెలలకి లేస్తాయి. ఫారెస్టు నర్సరీల్లో యాసిడ్‌లో ముంచుతారు. ఇంట్లో ఆ పని చెయ్యకండి. ఓపిక పట్టండి. మొలిచాక కూడా మొదటి ఏడాది జానెడే ఉంటుంది. తురాయి అదే ఏడాదికి నడుం దాటేస్తుంది. కానుగకి ఈ బాధలేవీ లేవు, పెడితే మొలుస్తుంది. వేప గింజ మాత్రం రాలిన రెండు మూడు వారాల్లోనే పెట్టాలి. దాచుకుంటే చస్తుంది.

ఇక అమ్మ నేర్చుకున్న సంగతి. పొందూరులో వడికేవాళ్ళు ఏకిన పత్తి ఏకుల్ని ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని వడుకుతారు. నలగకుండా, మాయకుండా ఉంటాయని. మా అమ్మ ఆ దొప్పల్ని గిన్నెల్లా చుట్టి, కొబ్బరి పీచుతో కట్టి, మట్టి నింపింది. పాల ప్యాకెట్లో ఉంటే వేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది, ఆ చెట్టు పెద్దయ్యాక గాలికి నిలవదు. దొప్పతో అయితే దొప్పతోనే గుంతలో దించెయ్యొచ్చు. అది కుళ్ళి మట్టిలో కలుస్తుంది, వేరు కదలదు. మా ఇల్లు రెండు సెంట్లు. పెరడు అని ఒకటి లేదు. గోడ వెంబడి, బాత్రూం రేకు మీద, నీళ్ళ డ్రమ్ము పక్కన, ఎక్కడ చూసినా దొప్పలే. మా చెల్లి బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేదని నెల రోజులు నాతో మాట్లాడలేదు.

మొక్కలు సిద్ధమయ్యేసరికి మాలో మాకే తగువు. పూల చెట్లు ఎందుకు, టేకు వేస్తే పిల్లల చదువులకి వస్తుంది కదా అని ఒకరు. సరుగుడు వేస్తే నాలుగేళ్ళకి డబ్బు అని ఇంకొకరు. మామిడి వెయ్యమని మా చిన్నాన్న. నాకూ అప్పుడు వాళ్ళ మాటే సబబనిపించింది. నిజం చెప్పాలంటే, పువ్వుల కోసం చెట్టు పెంచడం డబ్బున్నవాళ్ళ సరదా అనే అనుకునేవాణ్ణి. బంగళాలకి, కాలేజీలకి, ఆఫీసర్ల క్వార్టర్లకి ఉంటాయి పూల చెట్లు. మా పేటల్లో మునగ ఉంటుంది, కరివేపాకు ఉంటుంది, మహా అయితే ఒక బొప్పాయి. ప్రతి మొక్కా ఇంత ఇస్తానంటేనే దానికి చోటు.

అప్పటిదాకా మాట్లాడకుండా చేటలో బియ్యం చెరుగుతున్న అమ్మ అంది: "మాం బతికినన్నాళ్ళూ పనికొచ్చినాం కాదేటి. సచ్చి పడుకున్నాక మీద నీడకి కూడా పనికొచ్చే సెట్టే కావాలేటి?"

ఎవరూ ఏమీ అనలేదు. దాని వెనకే చిన్నాన్న ఇంకో లెక్క చెప్పాడు, అదీ నిజమే. టేకు వేస్తే కలప మీద ఊరి కన్ను పడుతుంది. మామిడి వేస్తే కాయల పాట ఎవరిదని గొడవ. తురాయి కర్ర దూలానికి పనికిరాదు, కాయ తినడానికి పనికిరాదు. దాని కోసం ఎవడూ రాడు.

ఇంకొకటి కూడా ఉంది, అది నాకు తర్వాత తోచింది. మా ఊరి మధ్యలో రావిచెట్టు, చుట్టూ అరుగు. మా అయ్య యాభై ఏళ్ళు ఆ ఊళ్ళో బతికి ఒక్కసారి కూడా ఆ అరుగు మీద కూర్చోలేదు. నేను కూర్చున్నాను, కూర్చున్నందుకు ఏం జరిగిందో ఈ వరసలో నాలుగో భాగంలో రాశాను. రావి కింద దేవుడుంటాడు, వేప కింద అమ్మవారుంటుంది, దేవుడు ఉన్నచోట మాకు దూరం కొలిచి పెడతారు. తురాయికి దేవుడు లేడు. అది మన దేశం చెట్టే కాదు. మడగాస్కర్ దీవిలో పుట్టింది. 1820ల్లో బోయర్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ చూసి లోకానికి చెప్పాడు. మన పురాణాల్లో దాని పేరు లేదు, ఏ వ్రతంలోనూ దాని ఆకు అడగరు. నిద్రగన్నేరు కూడా అంతే, అమెరికా ఖండం నుంచి వచ్చింది. ఈ చెట్ల కింద ఎవరు కూర్చోవాలో చెప్పే శ్లోకం ఇంకా ఎవరూ రాయలేదు.

2019 జులైలో, రెండు మంచి వానలు పడ్డాక, హద్దు వెంబడి ముప్ఫై ఎనిమిది మొక్కలు నాటాం. ఆగస్టులో ఒక రాత్రి పదకొండు పీకేశారు. మిగిలినవాటిలో సగం మేకలు తిన్నాయి. మేకలు మా పేటవే, అది కూడా చెప్పాలి. మిగిలినవి పద్నాలుగు.

తర్వాతి ఏడాది లాక్‌డౌన్ వచ్చింది. మద్రాసు, హైదరాబాదు, విశాఖ పనులకి పోయిన మా కుర్రాళ్ళంతా నడిచో, లారీ ఎక్కో ఇంటికి చేరారు. చేతిలో పని లేదు, జేబులో పైసా లేదు. ఆ మూడు నెలలూ మా వాకిలి ఒక ఫ్యాక్టరీ. ఒకడు కాయలు పగలగొట్టేవాడు, ఒకడు బండ మీద నూరేవాడు, ఒకడు దొప్పలు చుట్టేవాడు. బిల్డింగుల మీద ఇరవయ్యో అంతస్తులో సెంట్రింగ్ కొట్టి వచ్చిన కుర్రాడు గింజకి కన్ను ఎటుందో వెతుక్కుంటూ కూర్చునేవాడు. ఆ జూన్‌కి రెండు వందల పది మొక్కలు తయారు. ఈసారి సర్కారు తుమ్మ కంప కొట్టుకొచ్చి ఒక్కో మొక్క చుట్టూ కట్టాం. గెడ్డ నుంచి నీళ్ళు మోశాం. బిందెలు మావే, గుంతలు మావే, మొక్కలు కూడా మావే.

నాటే రోజు పక్క పొలం బుగత గట్టు మీదకొచ్చాడు. మా పెద్దవాళ్ళు అలవాటుగా "బాబూ" అని పక్కకి జరిగారు. మా కుర్రాడొకడు "నమస్కారమండి" అన్నాడు. ఆ 'అండి' దగ్గరే సగం గొడవ అయింది. మిగతా సగం చెట్ల గురించి. "నీడ పడితే వరి ఈనదు, ఏర్లు నా మడిలోకొస్తాయి" అన్నాడాయన.

ఆ మాట అబద్ధం కాదు. తురాయి వేరు లోతుకి కాకుండా నేల పైపైన దూరం పరుగెడుతుంది, గొడుగులా అడ్డంగా పెరుగుతుంది. మా పేట రైతు కూలీలందరికీ నీడలో వరి సంగతి ఆయన కంటే బాగా తెలుసు, నాటింది వాళ్ళే కదా. ఆ రాత్రి కూర్చుని మాట్లాడుకున్నాం. మర్నాడు తురాయి మొక్కల్ని మూడు బారలు మా లోపలికి జరిపాం. అంటే మా శ్మశానంలో మాకే మూడు బారలు తగ్గింది. గట్టు మీద కానుగ, రేల పెట్టాం.  కొందరు దీన్ని లొంగిపోవడం అన్నారు. కావచ్చు. నాకు ఇప్పటికీ తేల్చుకోవడం రావట్లేదు. కానీ ఆ తర్వాత మొక్కలు పీకడం మాత్రం ఆగింది.

తురాయిని లోపలికి జరపడానికి ఇంకో కారణం కూడా ఉంది. మనది తుపాన్ల నేల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో చెట్లని ఎలా ఊడ్చేసిందో మీరంతా చూశారు. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానాన్ని అలాగే చేసింది. తురాయి కొమ్మ పెళుసు, గాలికి చిటుక్కున విరుగుతుంది. ఇంటి పక్కన, కరెంటు తీగ కింద, బడి గోడకి ఆనుకుని తురాయి పెట్టకండి. శ్మశానంలో విరిగి పడితే ఎవరికీ దెబ్బ తగలదు.

చివరికి రీసర్వేలో మా భూమి కూడా కొలిచారు. సర్వేయరు పాత పటం పట్టుకుని గొలుసు రాళ్ళు వెతికాడు. నాలుగింటిలో రెండే దొరికాయి. ఉత్తరం హద్దు మా కానుగల వరసకి కొంచెం అవతల పడింది. అటు మా భూమి మాకు వచ్చింది. తూర్పు హద్దు తేల్చలేదు. మామ్మ ఉన్నది తూర్పునే. చెట్ల వరస నుంచి ఆరడుగులు అవతల, ఇప్పటికీ చేలోనే. మళ్ళీ అర్జీ పెట్టాం, నడుస్తోంది.

2025 మేలో మొదటిసారి పూశాయి. నాటిన పద్నాలుగింటిలో బతికిన తొమ్మిదిలో నాలుగు పూశాయి. పెద్దగా ఏమీ కాదు, కొమ్మకి నాలుగైదు గుత్తులు. అమ్మ అయ్య దగ్గర కాసేపు కూర్చుంది. మా పేట ఆడవాళ్ళు శ్మశానానికి మామూలుగా రారు, ఆ రోజు ఏడుగురు వచ్చారు. గుంటలు పువ్వులు తెంపి కోడిపందేలు ఆడారు. గాలికి రాలిన రేకులు గట్టు దాటి అవతల దున్నిన చేలో పడ్డాయి. అమ్మ అటు చూసి, "అత్తకి ఎరుపంటే ఇష్టం" అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

ఇప్పుడు మా దొప్పలు శ్మశానం కోసం కాదు. 2020 డిసెంబరులో పల్లెల్లో సెంటున్నర చొప్పున ఇళ్ళ స్థలాలు ఇచ్చారు కదా. సెంటున్నర అంటే డెబ్బై రెండు గజాలు. ఇల్లు కట్టాక మిగిలేది ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. ఊరి బయట, చెట్టన్నది లేని చోట, రేకులు, సిమెంటు రోడ్డు. అక్కడి ఆడవాళ్ళు కొందరు వచ్చి అడిగారు. సందులో చెట్టు పట్టదు కాబట్టి రోడ్ల చివర, ట్యాంకు దగ్గర ఉమ్మడిగా ఉన్న ఖాళీలో పెడదామనుకుంటున్నాం. అక్కడ తురాయి వద్దు, రేల, కానుగ, దేవకాంచనం. ఆ ఖాళీలు ఎవరివో ముందు పటంలో చూసుకోవాలి. ఒకసారి దెబ్బ తిన్నాం.

ఈ ఏడాది రేలవి అరవై, కానుగవి నలభై దాకా ఉన్నాయి. దేవకాంచనం తక్కువ. కావలసినవాళ్ళు జూన్ రెండో వారంలోగా రండి, దొప్ప గట్టిగా ఉండగానే ఎత్తాలి, నానిపోతే చేతిలోనే విడిపోతుంది. సంచులు మీరే తెచ్చుకోండి. మొక్కలకి డబ్బు తీసుకోము. వచ్చేవాళ్ళు దారిలో ఎక్కడైనా తురాయి కాయలు కనిపిస్తే నాలుగు ఏరుకురండి. బండ ఖాళీగా ఉంటే అమ్మకి తోచదు.

జై భీమ్.